పొద్దున తీసిన సంతోషం

నా ఉద్యోగం సంతోషపడటం. నవ్వకండి. నవ్వడం కూడా నా ఉద్యోగంలో భాగమే, కానీ దానికి వేరే టైముంది.

టీవీలో పోటీల కార్యక్రమం వస్తుంటుంది. ఎవరో ఒకరు సరైన జవాబు చెప్పగానే వెనకాల మెట్ల మీద కూర్చున్న జనం ఎగిరి గంతులేస్తారు. ఆ జనంలో ముందు వరసలో, ఎడమ చివర, నెరిసిన జుట్టూ కళ్లద్దాలూ ఉన్న మనిషిని నేను. మీరు నన్ను చాలాసార్లు చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. మా వీధిలో మాత్రం గుర్తుపడతారు. చప్పట్లాయన అంటారు. నేను దాటిపోయాక అంటారు కాబట్టి వినపడనట్టు నడిచిపోతాను.

అంతకుముందు బట్టల దుకాణంలో పనిచేసేవాణ్ని. "ఈ రంగు మీకోసమే పుట్టిందమ్మా" అని కనపడిన ప్రతి ఆవిడకీ చెప్పి చెప్పి అరిగిన నోరు నాది. దుకాణం మూతపడ్డాక ఈ పనిలో చేరితే నాకు పెద్దగా నేర్పాల్సిన అవసరం రాలేదు.

మా చేత అరిపించే మనిషిని మేమంతా మేస్త్రి అంటాం. కెమెరా కింద నిలబడి చేతులతో సైగలు చేస్తాడు. ఒక వేలు ఎత్తితే "వావ్". రెండు వేళ్లు ఎత్తితే "యెస్". మూడైతే "హుర్రే". పిడికిలి బిగించి ఊపితే "వూహూ", అది మాత్రం లేచి నిలబడి అనాలి. అరచెయ్యి కిందికి దించితే "అయ్యో".

గమనించారా? సంతోషానికి సంబంధించినవన్నీ ఇంగ్లీషు. మన భాషకి మిగిల్చింది ఒక్క ఏడుపు. ఈ సంగతి చాలా రోజులు నా చెవిలో జోరీగలా తిరిగింది. ఉండబట్టలేక ఒకరోజు మేస్త్రిని అడిగాను.

"ఏమయ్యా, గెలిచినప్పుడు మన మాట ఒక్కటీ అనకూడదా?"

"ఎందుకు అనకూడదు గురువుగారూ? మంచి మాట చెప్పండి, రేపట్నించే అరిపిస్తా" అన్నాడు.

ఆ సాయంత్రమంతా ఇంట్లో కూర్చుని ఆలోచించాను. శభాష్ ఉంది, భేష్ ఉంది. అవి పెద్దవాళ్లు చిన్నవాళ్ల వీపు తట్టి అనేవి, ఎవరికి వాళ్లు అనుకుంటే మతి చెడిందంటారు. ఆహా ఉంది, అది విస్తరి ముందు. హమ్మయ్య ఉంది గానీ అది సంతోషం కాదు, రావాల్సిన గండం ఇవాళ్టికి రాలేదన్న ఊరట. తాతల కాలం నుంచీ మనం ఏదీ గెలవలేదా, గెలిచినా దిష్టి తగులుతుందని నోరు మూసుకున్నామా అన్నది నాకు తేలలేదు. మర్నాడు వెళ్లి "ఆ హుర్రేలే ఉంచు" అన్నాను.

అయినా ఆ మాటలు అనడం మీరనుకున్నంత తేలిక కాదు. వావ్ ముందు కళ్లలో పుట్టాలి, ఆ తర్వాతే నోట్లోకి రావాలి. యెస్ అనేటప్పుడు మోచెయ్యి వెనక్కి లాగాలి, ఎవరి దగ్గరో ఏదో లాక్కున్నట్టు. హుర్రే కాస్త పాతబడిన సరుకు, కుర్రముఖాలకు అతకదు, నాలాంటి నెరిసిన తలలకే నప్పుతుంది. ఇక వూహూ. మన ఇళ్లల్లో ఆ చప్పుడు చేస్తే వద్దని అర్థం, అందుకే కొత్తవాళ్లు తల అడ్డంగా ఊపుతూ అరుస్తారు. అది కడుపులోంచి రావాలి. నాకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదని మేస్త్రే అంటాడు.

అంత అరిచిన గొంతుకి ఇంటికొచ్చాక విశ్రాంతి కావాలి కదా. వేణ్ణీళ్లు తాగి పడక కుర్చీలో వాలిపోతాను. మా ఆవిడ కాఫీ తాగుతారా అంటే ఊ. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టొచ్చానంటే ఊ. మాట ఖర్చు లేకుండా సంసారం చక్కగా సాగిపోతోందని నా నమ్మకం.

మా పనిలో బయటివాళ్లకి తెలియని కిటుకు ఒకటుంది. మా సంతోషాన్ని పొద్దున్నే తీసేస్తారు. పోటీదారులు ఇంకా రారు, స్టేజీ మీద పురుగు కూడా ఉండదు. అప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టి, దీపాలన్నీ మా మీదికి తిప్పి, వావులూ యెస్సులూ హుర్రేలూ వరసగా అరిపించి కెమెరాలో తీసి దాచుకుంటారు. మధ్యాహ్నానికైతే గొంతులు బొంగురుపోతాయి, ముఖాలు జిడ్డోడతాయి, పైగా దీపాలు అప్పుడు స్టేజీకి కావాలి. అసలు పోటీ జరుగుతున్నంతసేపూ మేం చీకట్లో నోరు మూసుకుని కూర్చుంటాం. ఎవరైనా నిజంగా కేకేస్తే మేస్త్రి అగ్గి మీద గుగ్గిలమైపోతాడు, మైకు పాడవుతుందని. గెలిచేది ఎవరైనా సరే, వాళ్లకోసం మేం పడాల్సిన సంతోషం అప్పటికే డబ్బాలో ఉంటుంది. తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించి అతికిస్తారు.

ఇక మా ఆవిడ సంగతి. ఆవిడ కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించడం దగ్గర మొదలుపెట్టి, ఇప్పుడు ఆ దుకాణం బాధ్యత అంతా తనే చూసుకుంటోంది. పొట్లం కట్టి తెచ్చిన కాగితమైనా సరే, చదవకుండా పారెయ్యదు. టీవీలో ప్రశ్న అడిగితే వంటింట్లోంచే జవాబు చెప్పేస్తుంది, పోటీలో ఉన్నవాళ్లు ఇంకా బుర్ర గోక్కుంటూనే ఉంటారు. మా అక్క ఆవిడకి పండితురాలని పేరు పెట్టింది. అది పొగడ్త కాదని పెట్టిన అక్కకీ తెలుసు, పడిన ఆవిడకీ తెలుసు. "పండితురాలు గారూ, కూరలో ఉప్పు మర్చిపోయారు" అంటుంది అక్క, అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఇంటికొచ్చిన ఆడపిల్లని నొప్పించడం ఎందుకని.

ఒకరోజు ఆవిడ నా కుర్చీ పక్కకొచ్చి నిలబడి, "ఏమండీ, మీ పోటీకి నన్ను పిలిచారు" అంది.

నేను ఊ అన్నాను. తర్వాత లేచి కూర్చున్నాను.

నాకు చెప్పకుండా దరఖాస్తు పెట్టుకుందట. ఫోన్లో పరీక్ష పెట్టారట, నెగ్గిందట. "బహుమతి మీద నాకు ఆశ లేదండీ. నాకు తెలిసినవి నిజంగానే తెలుసని ఒక్కసారి, అందరూ చూస్తుండగా, ఎవరైనా ఒప్పుకోవాలి. అంతే" అంది. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను తనకోసం ఏదీ అడగలేదని అప్పుడే తట్టింది.

పనిచేసేవాళ్ల చుట్టాలు పోటీకి రాకూడదన్న నిబంధన ఒకటుంది. భయపడుతూ మేస్త్రిని అడిగాను. "మీరు పనిచేసేవాళ్లలోకి ఎప్పుడొచ్చారు గురువుగారూ? మీరు జనం" అన్నాడు. ఒక్కోసారి ఎందులోనూ లెక్కకి రాకపోవడమే కలిసొస్తుంది.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. ఆవిడని ముఖానికి రంగులు వేసే గదికి తీసుకెళ్లారు, నేను మెట్ల మీదికి వెళ్లాను. మామూలు అరుపులయ్యాక మేస్త్రి నన్ను విడిగా కూర్చోబెట్టమన్నాడు. కెమెరా నా ముఖం దగ్గరికి తెచ్చారు. స్టేజీ ఖాళీ, దీపాలన్నీ దాని మీది నుంచి నా వైపు. మేస్త్రి పిడికిలి ఊపాడు. అప్పుడు ఏమైందంటే, నాకు మా ఆవిడ కనపడింది. గెలిచి స్టేజీ మీద నిలబడి ఉంది, చేతిలో కప్పుంది, మా అక్క ఇంట్లో టీవీ ముందు నోరు తెరుచుకుని చూస్తోంది. నేను లేచాను. రెండు చేతులూ పైకెత్తాను. వూహూ అన్నాను, యెస్ అన్నాను, హుర్రే అన్నాను, ఊపింది పిడికిలే అయినా మూడూ కలిపి అరిచాను. కెమెరా అబ్బాయి తల పైకెత్తి నా వంక చూశాడు. "ఇది దాచుకోవాల్సిన ముక్క" అని మేస్త్రి చప్పట్లు కొట్టాడు. మా చేత కొట్టించే మనిషి తనే కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం పోటీ. మా ఆవిడ ఒకపక్క, జిమ్ములో కసరత్తులు నేర్పే ఒక కండలాయన ఇంకోపక్క. మూడో ఆయన మొదట్లోనే తప్పుకున్నాడు. ఇద్దరూ నువ్వా నేనా అన్నట్టు వెళ్లి ఆఖరి ప్రశ్న దగ్గర సమానంగా ఆగారు.

"మన శరీరంలో, వెలుతురు ఎక్కువైతే చిన్నదై, తక్కువైతే పెద్దదయ్యే..." అని వ్యాఖ్యాత మొదలుపెట్టింది.

నాకు నవ్వొచ్చింది. మా ఆవిడ పొద్దున లేస్తే చూసేది అదే కదా. ఆవిడ చెయ్యి బజర్ మీదే ఉంది. కానీ నొక్కలేదు. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగింది. కండలాయన ఆగలేదు. టంగుమని నొక్కి "కనుపాప" అనేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. "ప్రశ్న మొత్తం వినకుండా జవాబెలా చెబుతారండీ? అడిగేవాళ్లు చివర్లో ఇంకేదైనా అనొచ్చు కదా" అంది. ఇంకాసేపటికి తనే, "పోనీలెండి. ఆఖరి ప్రశ్న దాకా వెళ్లాను. అది అందరూ చూస్తారు, చాలు" అంది. నాకు చాలా చెప్పాలనిపించింది. గొంతు బొంగురుపోయి ఉంది. ఊ అన్నాను.

కార్యక్రమం టీవీలో వచ్చేదాకా ఫలితం ఎవరికీ చెప్పకూడదు. ఆవిడ చెప్పలేదు. ఆ సాయంత్రం మా అక్కా బావా వచ్చారు, పక్కింటివాళ్లు వాళ్ల కుర్చీలు వాళ్లే తెచ్చుకున్నారు. మా అమ్మాయి టీవీ గొంతు పెంచింది. మొదటి ప్రశ్నకి మా ఆవిడ జవాబు చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. రెండో దానికీ, మూడో దానికీ చెప్పింది. అక్క నెమ్మదిగా సర్దుకుని కూర్చుంది.

"ఏమ్మా, ఇదెలా తెలుసు నీకు? దీన్ని గురించి నేను విననేలేదు" అంది. ఆ గొంతులో వెటకారం లేదు. మా ఆవిడ తల దించుకుని చీర కొంగు సర్దుకుంటోంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. తను కోరుకున్నది జరుగుతోంది.

ఆఖరి ప్రశ్న వచ్చింది. బజర్ మోగింది. కండలాయన జవాబు చెప్పాడు. తెర మీద మా ఆవిడ ఒక్క క్షణం ఆగి, చిన్నగా నవ్వి, ఆయన కోసం చప్పట్లు కొట్టింది. ఎంత హుందాగా ఉందో! అక్క కూడా "అయ్యో పాపం" అంది.

ఆ వెంటనే నేను.

తెర నిండా నేనే. లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా, వూహూ, యెస్, హుర్రే. అది చాలదన్నట్టు మళ్లీ ఒకసారి నెమ్మదిగా తిప్పి చూపించారు.

ముందు తేరుకున్నది మా అక్కే. పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒరేయ్ తమ్ముడూ! పెళ్లాం ఓడిపోతే నీకింత సంబరమా? ఇన్నాళ్లూ కడుపులో ఎలా దాచుకున్నావురా!" అంది. బావ నవ్వాడు, పక్కింటివాళ్లు నవ్వారు. "నాన్నా, ఏంటిది?" అంది మా అమ్మాయి, ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. అది పొద్దున తీసింది, అతికించారు అని నేను మొత్తుకుంటున్నాను, వినేవాడేడీ? ఆవిడ చెప్పిన జవాబులన్నీ అక్కడితో గాల్లో కలిసిపోయాయి. ఆ రాత్రి భోజనాల దగ్గరంతా నా గురించే మాట్లాడుకున్నారు. మా ఆవిడ అందరికీ వడ్డించింది.

ఆ తర్వాత నా దశ తిరిగింది. ఆ ముక్కని ఎవరో ఫోన్లలోకి ఎక్కించారు. పెళ్లాం పుట్టింటికి వెళ్లినప్పుడు అని ఒకరు, ఆఫీసుకి సెలవిచ్చినప్పుడు అని ఒకరు కింద రాసి పంచుకున్నారు. మా చుట్టాల గ్రూపులో బావే పెట్టాడు. ఛానెల్ వాళ్లు దాన్ని ప్రకటనలో వేశారు, రోజూ వస్తోంది. తీసెయ్యమని ఎడిటింగు గదికి వెళ్లి బతిమాలాను. "ఇలాంటిది మళ్లీ దొరుకుతుందా సార్? మీరు గర్వపడాలి" అన్నారు. మేస్త్రి నన్ను ఎడమ చివరి నుంచి తీసి ముందు వరస మధ్యలో కూర్చోబెట్టాడు. వీధిలో జనం ఇప్పుడు నా ముఖం మీదే పిడికిలి ఊపి వూహూ అంటున్నారు. పనిలో ఇంతకన్నా పైకి పోవడానికి ఇంకేం లేదు.

ఇంట్లో మా ఆవిడ మాట్లాడటం మానేసింది. కోపం లేదు, ఏడుపు లేదు, గిన్నెల చప్పుడైనా లేదు. కాఫీ ఉందా అంటే ఊ. దుకాణం నుంచి పెందలాడే వచ్చావే అంటే ఊ. ఆ అక్షరం వినడానికి ఎంత చల్లగా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. అది పొద్దున తీసిందే, నీ మీద ఒట్టు అని పడుకునే ముందు చెప్పాను, వంటింట్లో చెప్పాను, బస్టాపు దాకా వెంటవెళ్లి చెప్పాను. ప్రతిసారీ చివరిదాకా విని ఊ అంది. ఆవిడ ఇక నన్ను ఎప్పటికీ నమ్మదేమోనని భయం పట్టుకుంది. భయమంటే మామూలు భయం కాదు, అన్నం సయించలేదు.

ఇక లాభం లేదని ఒక ఆదివారం మేస్త్రిని కాళ్లావేళ్లా పడి ఇంటికి తీసుకొచ్చాను, సాక్షిగా. వచ్చి కూర్చున్నాడు, టీ తాగాడు. పొద్దున తీసే పద్ధతీ, దాచుకునే పద్ధతీ, అతికించే పద్ధతీ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. "గురువుగారి తప్పేం లేదమ్మా. ఆ టైముకి మీరింకా స్టేజీ మీదికే రాలేదు" అన్నాడు.

మా ఆవిడ మధ్యలో ఒక్క మాటా అనకుండా మొత్తం వింది.

"నాకు తెలుసు బాబూ. మొదటిసారి చూసినప్పుడే తెలిసింది. నెమ్మదిగా తిప్పి చూపించారు కదా, అప్పుడు ఈయన కళ్లద్దాల్లో స్టేజీ కనపడింది. ఖాళీగా ఉంది. ఆ అద్దాలు నేను బిగించినవే" అంది.

మేస్త్రి తొడ చరిచి నవ్వాడు. బతికిపోయారు గురువుగారూ అని నా వీపు తట్టి వెళ్లిపోయాడు. నా గుండెల మీంచి బండ దిగింది. తలుపు వేసొచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.

"తెలిస్తే మరి ఇన్నాళ్లూ ఎందుకు చంపుకు తిన్నావు నన్ను?"

ఆవిడ టీ కప్పులు తీస్తూ, "అది అరిచేటప్పుడు మనసులో ఏం తలుచుకున్నారు?" అని అడిగింది.

"నిన్నే. నువ్వు గెలిచినట్టు తలుచుకున్నాను. నిజం, అమ్మాయి మీద ఒట్టు."

"అదీ తెలిసింది. అది దొంగ ముఖం కాదు. రోజంతా కళ్లు చూసేదాన్ని, నాకు తెలీదా?" కప్పులు మళ్లీ బల్ల మీద పెట్టేసింది. "కళ్లద్దాల పని పరీక్ష పాసై పరిగెత్తుకుంటూ వచ్చి ముందు మీకే చెప్పాను. దుకాణం నాకు అప్పజెప్పిన రోజూ మీకే చెప్పాను. అమ్మాయి పుట్టినప్పుడు మిమ్మల్ని లోపలికి పిలిచారు, మీరు తొంగిచూసి, నీళ్లు తాగావా అని అడిగి వెళ్లిపోయారు. ఈయన ముఖం ఇంతే, అందులో సంతోషం ఉండదు, దానికి ఈయన మాత్రం ఏం చేస్తారు అనుకుని సర్దుకున్నాను. ఇన్నేళ్లు సర్దుకున్నానండీ. ఇప్పుడు చూస్తే ఉందట. టీవీలో చూశాను."

"అబ్బే, అదంతా నటనే. పని కోసం చేసేది, అంతే" అన్నాను.

"ఇందాకే నిజమని ఒట్టేశారు."

నేను కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాను.

"సరే, నటనే అనుకుందాం" అంది. "ఇంట్లో కూడా ఒక్కసారి నటించాల్సింది."

గొంతు పెంచలేదు, కళ్లు తుడుచుకోలేదు. లెన్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది.

"ఇప్పుడు అననా?" అని అడిగాను.

"వద్దులెండి. నేను అడిగాక అంటే అదీ మీ డ్యూటీలోకే వస్తుంది" అని కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఈ పనిలో చేరాక మొదటిసారి, ఎవరూ చెప్పకుండానే, ఆవిడ కోసం గట్టిగా అరవాలనిపించింది. గది మధ్యలో అలా నిలబడి నాకొచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే వెతుక్కున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.